బిళ్ళ కట్టినప్పుడు: మందుకు ముందు పేరు తేలాలి

మెడలో, చంకలో, గజ్జల్లో చేతికి తగిలే బిళ్ళల్లో చాలావాటికి భయపడాల్సిన పనిలేదు. ఒంట్లో సుమారు 600 లింఫ్ గ్రంథులున్నాయి. పత్తి చేలో కాలికి ముల్లు దిగినా, పన్ను పుచ్చినా, పిల్లల తలలో పేలు పడి పుళ్ళయినా దగ్గర్లో ఉన్న గ్రంథి ఉబ్బుతుంది. పుండు మానితే రెండు మూడు వారాల్లో అదీ తగ్గిపోతుంది. చిక్కంతా తగ్గని బిళ్ళతోనే. నెల దాటినా అలాగే ఉంటే, లేదా రోజురోజుకీ పెరుగుతుంటే, కారణమేమిటో తేల్చుకోవాల్సిందే.

మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్ళల్లో అలాంటి బిళ్ళను చూడగానే మొదట వచ్చే మాట టీబీ. ఆ వెంటనే గొంతు తగ్గించి అనే మాట క్యాన్సర్. రెండూ నిజం కావచ్చు. మన దేశంలో ఊపిరితిత్తుల బయట వచ్చే టీబీలో లింఫ్ గ్రంథులదే మొదటి స్థానం. అయితే ఈ రెండింటికీ చెందని జబ్బులు, ఎప్పుడూ వినని పేర్ల కంతులు కూడా ఇదే బిళ్ళ రూపంలో బయటపడతాయి. ఏడాదికి లక్షమందిలో ఆరుగురి కంటే తక్కువమందికి వచ్చే క్యాన్సర్‌ను ఐరోపాలో అరుదైనదిగా లెక్కిస్తారు. విడివిడిగా చూస్తే ఒక్కోటీ అరుదే, అన్నీ కలిపితే అక్కడి మొత్తం క్యాన్సర్లలో ఐదో వంతు దాటుతాయి. వాటిలో ఏదో ఒకదాన్ని ఊళ్ళో డాక్టరు తన సర్వీసంతటిలో ఒక్కసారి కూడా చూసి ఉండకపోవచ్చు. మరి అలాంటి జబ్బు పట్టుబడేదెలా?

ఆ పేర్లన్నీ ఎవరూ బట్టీ పట్టనక్కర్లేదు. వరస తప్పకుండా నడిస్తే చాలు. కింద చెప్పే మెట్లన్నీ ఒకే పని కోసం: జబ్బు పేరు తేలేదాకా, ఆ పేరును చెరిపేసే మందేదీ ఒంట్లోకి పోకుండా చూసుకోవడం.

1. చోటు, సైజు, తేదీ రాసి పెట్టాలి

డాక్టరు అడిగే మొదటి ప్రశ్న “ఎప్పటినుంచి?” దానికి మామూలుగా వచ్చే జవాబు “చాన్నాళ్ళయిందండీ”. ఈ జవాబుతో ఎవరైనా ఏం చేయగలరు? బిళ్ళ కనపడిన తేదీ, ఆ రోజు స్కేలు పెట్టి కొలిచిన సైజు, తర్వాత వారానికోసారి కొలిచిన సైజు ఒక నోటు పుస్తకంలో ఉంటే సగం పని అయినట్టే. రోజూ పదిసార్లు నొక్కి చూడటం మాత్రం మానాలి. నొక్కినకొద్దీ నొప్పి పుడుతుంది, కొలత తప్పుతుంది.

మెడలో, చంకలో సెంటీమీటరు లోపు, గజ్జల్లో ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు మెత్తటి బిళ్ళ చాలామందికి మామూలుగానే తగులుతుంది. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్ళకు గజ్జల్లో మరీను. కాలర్ ఎముక పైన గుంటలో తగిలే బిళ్ళకు మాత్రం ఈ మినహాయింపు లేదు. ఎడమవైపుదైతే కడుపులోని క్యాన్సర్‌కూ, కుడివైపుదైతే ఛాతీలోని క్యాన్సర్‌కూ గుర్తు కావచ్చు. ఎంత చిన్నదైనా ఆ వారంలోనే చూపించాలి.

“నొప్పి లేదు కదా, ఏం కాదులే” అనుకోవడం ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. నొప్పి పెట్టే బిళ్ళ చాలాసార్లు ఏదో ఇన్‌ఫెక్షన్ తాలూకుది. నొప్పి లేకుండా, గట్టిగా, కదలకుండా పెరిగేదాన్నే ఎక్కువ అనుమానించాలి.

అదే పుస్తకంలో మరో మూడు సంగతులు ఉండాలి. సాయంత్రం జ్వరం వస్తోందా? రాత్రిపూట పక్కబట్టలు మార్చుకోవాల్సినంత చెమట పడుతోందా? ఆరు నెలల్లో బరువు పదో వంతు, అంటే 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గాడా? వాడుతున్న మందుల చీటీ కూడా జతచేయాలి. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ మాత్ర వల్ల కూడా కొందరికి బిళ్ళలు కడతాయి. ఆ ఒక్క చీటీ పెద్ద పరీక్షలెన్నింటినో తప్పించవచ్చు.

2. బిళ్ళ చుట్టూ ఒళ్ళంతా చూడాలి

గ్రంథి ఉబ్బిందంటే దాని పరిధిలో ఎక్కడో ఏదో ఉన్నట్టు. దవడ కింద బిళ్ళ ఉంటే నోరు తెరిచి టార్చిలైటుతో చూడాలి; గుట్కా, ఖైనీ, చుట్ట అలవాటున్నవాళ్ళకు బుగ్గ లోపల, నాలుక పక్కన మానని పుండు ఉందేమో. ఆడవాళ్ళకు చంకలో బిళ్ళ ఉంటే రొమ్ము పరీక్ష తప్పదు. పసిబిడ్డకు ఎడమ చంకలో కడితే బీసీజీ టీకా వల్ల కావచ్చు. గజ్జల్లో ఉంటే పాదం, మర్మాంగం, మలద్వారం చూడాలి. సిగ్గుపడి ఇక్కడ దాచినవాళ్ళే నెలల తరబడి తిరుగుతారు. ఇంటివాళ్ళ ముందు చెప్పలేకపోతే, డాక్టరును ఒంటరిగా కలిసి చెప్పవచ్చు.

వానాకాలంలోనూ చలి మొదట్లోనూ జ్వరంతో పాటు బిళ్ళ కడితే ఇంకొకటి వెతకాలి. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లిజాతి పురుగు పిల్ల కుడితే వచ్చేది స్క్రబ్ టైఫస్. అది కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. చంక లోపల, నడుము పట్టీ కింద, రొమ్ము కింద మడతలో ఉండటంతో రోగికే తెలియదు. దాని దగ్గరి గ్రంథి ఉబ్బుతుంది. డాక్సీసైక్లిన్‌కు ఇది త్వరగా లొంగుతుంది, పట్టించుకోకపోతే ప్రాణం తీస్తుంది. బట్టలు తీయించి చూడటానికి పట్టేది రెండు నిమిషాలు.

గజ్జల్లో బిళ్ళ పదేపదే కట్టి, చలిజ్వరం వచ్చి, కాలు వాచి తగ్గుతుంటే ఫైలేరియా సంగతి చూడాలి. దీని పురుగు పిల్లలు రక్తంలో అర్ధరాత్రి వేళ తిరుగుతాయి కాబట్టి రాత్రి పది దాటాక తీసిన రక్తంలోనే బాగా దొరుకుతాయి. దీనికి వాడే డీఈసీ మందు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లే పరిశోధన బృందం నుంచి వచ్చింది. రక్త క్యాన్సర్లకూ కొన్ని లింఫోమాలకూ (లింఫ్ గ్రంథుల క్యాన్సర్లు) వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ బృందానిదే. ఒకే ప్రయోగశాల నుంచి వచ్చిన రెండు మందుల్లో గజ్జల్లోని ఈ బిళ్ళకు ఏది కావాలో, అసలు రెండూ అక్కర్లేదో, తేల్చేది పరీక్షే.

3. పేరు తేలేదాకా స్టెరాయిడ్ ఇంజక్షన్ వద్దు

నందిగామ దగ్గర పల్లెలో పాతికేళ్ళ కుర్రాడికి మెడలో బిళ్ళలు కట్టి, సాయంత్రం జ్వరం వస్తోందనుకుందాం. దగ్గర్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గర డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజక్షన్లు వేయించుకున్నాడు. మూడో రోజుకు జ్వరం లేదు, బిళ్ళలు సగానికి సగం తగ్గాయి. ఇంట్లో అందరికీ సంతోషం. నెల తిరగకుండానే అవి రెట్టింపయి వచ్చాయి. విజయవాడ వెళ్ళి ముక్క తీయిస్తే రిపోర్టులో చచ్చిన కణాలు తప్ప మరేమీ లేవు. ఏం జరిగింది? లింఫోమా కణాలు స్టెరాయిడ్‌కు కరిగిపోతాయి. జబ్బు పోదు, దాని ఆనవాళ్ళు పోతాయి. నిజానికి లింఫోమా అని తేలాక చికిత్సలో స్టెరాయిడ్‌కూ చోటుంది. మిగతా మందులతో కలిపి, లెక్క ప్రకారం ఇస్తారు. ముందే పడటమే ముప్పు.

లెవోఫ్లోక్సాసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్‌లదీ ఇదే తీరు. టీబీ క్రిములను కొంత అణచి, టీబీ బయటపడకుండా ఆలస్యం చేస్తాయి. పసర్లు, కాల్చిన వాతలు బిళ్ళను పుండు చేస్తాయి, ఆ పుండు పరీక్షను గందరగోళం చేస్తుంది. ఇంజక్షన్ వేసే ముందు “ఇందులో స్టెరాయిడ్ ఉందా?” అని అడగడం ఎవరినీ అవమానించడం కాదు. ఇప్పటికే పడి ఉంటే దాచకూడదు. ముక్క తీసే డాక్టరుకు ఆ మందు పేరు, వేసిన తేదీ చెబితే అవసరమైతే కొన్నాళ్ళు ఆగి తీస్తారు.

4. ఎక్కడికి వెళ్ళాలి?

మొదటి చూపు, రక్తపరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, టీబీ కోసం సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్ష దగ్గర్లోని సర్కారు ఆసుపత్రి ద్వారానే జరిగిపోతాయి. టీబీ పరీక్షలూ మందులూ ప్రభుత్వంలో ఉచితం. ముక్క తీసి, దాన్ని చదివే పెథాలజీ విభాగం కావాలంటే విజయవాడ సర్వజన ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్, గుంటూరు జీజీహెచ్ అందుబాటులో ఉన్నాయి. జగ్గయ్యపేట వైపువాళ్ళు హైదరాబాదు బస్సెక్కుతారు. అక్కడ ఎంఎన్‌జే, నిమ్స్, 2000లో మొదలైన బసవతారకం ఉన్నాయి.

ఎక్కువమంది చేసే ఖరీదైన తప్పు, ముక్క పరీక్షకంటే ముందే పెట్ స్కాన్‌కు పరుగెత్తడం. టీబీ గ్రంథి పెట్ స్కాన్‌లో క్యాన్సర్ గ్రంథిలాగే వెలుగుతుంది. స్కాను జబ్బు ఎంతవరకు పాకిందో, ముక్క ఎక్కడ తీస్తే మంచిదో చెబుతుంది; అది ఏ జబ్బో చెప్పదు. మెడ బిళ్ళకు మొదట అల్ట్రాసౌండ్ చాలు.

ఆగకూడని సందర్భాలు వేరే ఉన్నాయి. ఊపిరాడకపోవడం, ముఖం, మెడ ఉబ్బడం, పిల్లల్లో వారం లోపే రెట్టింపయ్యే గడ్డ ఉంటే ఏ వరసా చూడకుండా అదే రోజు పెద్దాసుపత్రికి చేరాలి.

5. సూది పరీక్షతో సరిపెట్టుకోకూడదు

సన్నటి సూదితో కాసిని కణాలు లాగి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీ చవక, పది నిమిషాల పని. టీబీని, వేరే చోటునుంచి పాకిన క్యాన్సర్‌ను చాలావరకు పట్టిస్తుంది. లింఫోమా విషయంలో దాని చేతులు కట్టేసినట్టే. గ్రంథి లోపల కణాలు ఏ వరసలో అమరి ఉన్నాయన్నది చూస్తేగాని లింఫోమా రకం తేలదు. సూదికి ఆ అమరిక దక్కదు. అరుదైన జబ్బుల సంగతీ అంతే.

రిపోర్టులో “రియాక్టివ్” అని వస్తే ఇంటికొచ్చి మర్చిపోవచ్చా? బిళ్ళ తగ్గితే మర్చిపోవచ్చు. నాలుగు నుంచి ఆరు వారాల్లో తగ్గకపోతే ఆ రిపోర్టు చెల్లదనుకుని గ్రంథిని మొత్తంగా తీయించాలి.

6. ముక్క తీసే రోజు రెండు డబ్బాలు అడగాలి

“కత్తి తగిలితే పాకుతుంది” అన్న మాట ఊళ్ళల్లో బలంగా ఉంది. మెడలోని లింఫ్ గ్రంథిని తీసి పరీక్షించడం వల్ల జబ్బు ఒళ్ళంతా పాకదు. ముక్క తీయించుకున్నాక జబ్బు ముదిరినవాళ్ళు కనిపిస్తారు. చాలాసార్లు వాళ్ళు ముక్క తీయించుకోవడానికే ఆలస్యంగా వచ్చినవాళ్ళు. ఈ భయంతో వాయిదా వేసే ఇంటివాళ్ళను కోప్పడకుండా కూర్చోబెట్టి చెప్పాలి. అడిగితే సర్జన్లు కూడా చెబుతారు.

తీసేటప్పుడు గజ్జల్లోది కాకుండా మెడలోది, చిన్నది కాకుండా అన్నిటికంటే పెద్దది, వీలైతే పగలగొట్టకుండా మొత్తంగా తీయడం మంచిది. గజ్జల్లో గ్రంథులు పాత కాలిపుళ్ళ వల్ల ముందే మచ్చలు పడి ఉంటాయి.

తర్వాతి పని చాలాచోట్ల రోగి బంధువు చేతికే వస్తుంది. థియేటర్ తలుపు తెరిచి నర్సు ఒక చిన్న డబ్బా ఇస్తుంది. మూత తీస్తే కళ్ళు మండే ఫార్మలిన్. అడుగున చిక్కుడు గింజంత ముక్క. ఆ డబ్బా ల్యాబుకు చేర్చమంటారు. ఇక్కడ చూడాల్సినవి ఉన్నాయి. ముక్క మునగడమే కాదు, దానికి పదింతలు ఫార్మలిన్ ఉండాలి. లేకపోతే లోపలిభాగం కుళ్ళి ఎందుకూ పనికిరాదు. డబ్బా మీద, మూత మీద కాదు, పేరు, వయసు, ఏ వైపు గ్రంథి, తేదీ రాసి ఉండాలి. మూతలు మారిపోతాయి.

ఇక రెండో డబ్బా. ఫార్మలిన్ టీబీ క్రిములను చంపేస్తుంది. అందులో వేసిన ముక్కను కల్చర్‌కు పంపడం దండగ. అందుకే ముక్కలో ఒక భాగాన్ని సెలైన్‌లో వేసి సీబీనాట్‌కూ కల్చర్‌కూ విడిగా పంపాలి. సీబీనాట్ రెండు గంటల్లో టీబీ క్రిమి ఉందా, రిఫాంపిసిన్‌కు లొంగుతుందా అన్నది చెబుతుంది. ఆపరేషన్‌కు ముందురోజే “సార్, టీబీ పరీక్షకు సెలైన్‌లో కూడా పంపుతారా?” అని అడిగితే మరో ఆపరేషన్ తప్పవచ్చు. ఇంత చిన్న ప్రశ్నకు ఇంత విలువ ఉన్న చోటు వైద్యంలో అరుదు.

7. రిపోర్టు, దిమ్మ, స్లైడులు

ల్యాబులో ముక్కను మైనంలో పోతపోసి అగ్గిపెట్టెకంటే చిన్న దిమ్మ చేస్తారు. దాన్నుంచి కొద్ది మైక్రాన్ల మందంలో పొరలు కోసి, రంగులద్ది గాజు స్లైడుల మీద చూస్తారు. ఈ దిమ్మ ఏళ్ళ తరబడి చెడదు. లింఫోమా, అరుదైన కంతి అన్న అనుమానముంటే అదే దిమ్మ మీద ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ చేస్తారు: సీడీ 20, సీడీ 3, సీడీ 30 లాంటి గుర్తులు కణాల మీద ఉన్నాయో లేవో చూసే రంగు పరీక్ష ఇది. దీనికి వారం, పది రోజులు పట్టవచ్చు. ఆ పది రోజులు ఇంటివాళ్ళకు నరకమే. అయినా రకం తెలియకుండా మొదలుపెట్టిన కీమో వల్ల జరిగే నష్టం ముందు ఆ ఆలస్యం ఎంత?

“గ్రాన్యులోమా” అన్న మాట కనపడగానే టీబీ అని తీర్పు చెప్పేయకూడదు. సార్కాయిడోసిస్‌లోనూ, కొన్ని ఫంగస్‌లలోనూ, కొన్నిసార్లు హాడ్కిన్ లింఫోమా పక్కనే కూడా గ్రాన్యులోమాలు ఉంటాయి. క్రిమి దొరికిందా, సీబీనాట్ ఏమంది, ముక్కలో కుళ్ళిన జున్నులాంటి భాగముందా అన్నవి కలిపి చూడాలి.

పేరు అరుదైనదైతే, లేదా రెండు రిపోర్టులు రెండు మాటలు చెబితే, స్లైడులూ దిమ్మా తీసుకుని మరో పెథాలజిస్టుకు చూపించాలి. వాటిని ఇమ్మని అడిగే హక్కు రోగికి ఉంది. రసీదు రాసి ఇప్పించుకుని, పని అయ్యాక తిరిగి జాగ్రత్త చేయాలి. దిమ్మను ఎండలో, బండి డిక్కీలో ఉంచితే కరుగుతుంది. 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లోని ఆసుపత్రుల్లో, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో ఇలాంటి కేసులు చూసే నిపుణులున్నారు. మొదటి డాక్టరు నొచ్చుకుంటారేమోనన్న మొహమాటం అక్కర్లేదు. మంచి డాక్టర్లు తామే పంపుతారు.

8. అరుదైన పేర్లు ఎలా దొరుకుతాయి?

మైలవరంలో డిగ్రీ చదివే అమ్మాయికి మెడ వెనకవైపు ఒకపక్కనే నొప్పి బిళ్ళలు, జ్వరం, రక్తంలో తెల్లకణాలు తక్కువ అనుకుందాం. సూది పరీక్షలో “టీబీ కావచ్చు” అన్నారు, మందులు మొదలయ్యాయి. రెండు నెలల్లో బిళ్ళలు మాయం. టీబీ తగ్గిందని అందరూ నమ్ముతారు. అది కికూచి జబ్బయితే? 1972లో జపాన్‌లో కికూచి, ఫుజిమోతో విడివిడిగా వర్ణించిన ఈ జబ్బు ఆసియా యువతుల్లో ఎక్కువ. చాలామందిలో ఒకటి నుంచి నాలుగు నెలల్లో దానంతటదే పోతుంది. మంచిపేరు మందుకొస్తుంది, కాలేయం మీద బరువు మాత్రం అమ్మాయికి మిగులుతుంది. గ్రంథిని మొత్తంగా తీసి చూసి ఉంటే ఆరు నెలల మందులు తప్పేవి. పైగా కికూచి వచ్చినవాళ్ళలో కొందరికి తర్వాత లూపస్ బయటపడుతుంది కాబట్టి, ఏఎన్ఏ రక్తపరీక్షా కొన్నాళ్ళ పర్యవేక్షణా కావాలి. పేరు తప్పితే అదీ తప్పిపోతుంది.

క్యాజిల్‌మన్ జబ్బు ఒకే చోట ఉంటే ఆ గ్రంథిని తీసేస్తే సాధారణంగా నయమవుతుంది. ఒళ్ళంతా ఉంటే దారి పూర్తిగా వేరు. రోసాయ్-డోర్ఫ్‌మన్‌లో పిల్లల మెడ రెండువైపులా భయపెట్టేంత ఉబ్బినా చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. చెవి దగ్గర గడ్డ, రక్తంలో ఈసినోఫిల్స్ బాగా ఎక్కువ ఉన్న మగవాళ్ళలో కిమూరా జబ్బు ఉండవచ్చు. ఇక్కడ దాన్ని “ఈస్నోఫీలియా” అనుకుని మాత్రలతో సరిపెట్టేస్తారు.

గ్రంథికి సంబంధం లేని గడ్డల్లో మోసం చేసేది సార్కోమా అనే క్యాన్సర్. తొడలో, భుజంలో గడ్డను “కొవ్వు గడ్డ” అని ఒక కోతలో తీసేస్తారు, పరీక్షకు పంపరు. కొవ్వు గడ్డలే ఎక్కువన్నది నిజం. అయినా 5 సెంటీమీటర్లు దాటినదీ, కండ లోతులో ఉన్నదీ, పెరుగుతున్నదీ అయితే ముందు ఎమ్మారై, తర్వాత లావు సూదితో ముక్క, ఆ తర్వాతే కత్తి. తీసిన గడ్డ ఏదైనా, ఎంత చిన్నదైనా, పారేయకుండా పరీక్షకు పంపమని అడగాలి.

పేరు తేలితే ఏమొస్తుందనే వాళ్ళకు జీర్ణాశయంలో వచ్చే జిస్ట్ అనే కంతి మంచి జవాబు. మామూలు కీమో దానిమీద దాదాపు పనిచేయదు. ఇమాటినిబ్ మాత్ర పనిచేస్తుంది; హైదరాబాదు నాట్కో కంపెనీ దాన్ని 2003లోనే వీనాట్ పేరుతో చవకగా తెచ్చింది. సీడీ 117 అనే రంగు పరీక్ష చేస్తేనే ఆ మాత్ర రోగిదాకా వస్తుంది. హాడ్కిన్ లింఫోమా కూడా సమయానికి పేరు తేలితే ఎక్కువమందిలో పూర్తిగా నయమయ్యే క్యాన్సర్.

9. టీబీ అని తేలి మందులు మొదలయ్యాక

ఆరు నెలల కోర్సులో ఒక్క రోజు మానకూడదు. 2024 నవంబరు నుంచి నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1000 రూపాయలు రోగి ఖాతాలో పడతాయి. బ్యాంకు పాస్‌బుక్కు మొదటిరోజే ఇవ్వాలి. మందులు పనిచేస్తుండగానే కొందరిలో బిళ్ళ పెద్దదవుతుంది, కొత్తది కడుతుంది, చీము పడుతుంది. దీన్ని చూసి మందులు మానేసేవాళ్ళున్నారు. చాలాసార్లు అది క్రిములు చస్తున్నప్పుడు ఒళ్ళు చూపే ప్రతిచర్య. డాక్టరుకు చూపించి మందులు కొనసాగించాలి. కోర్సు పూర్తయ్యాక చిన్న గట్టి బిళ్ళ మిగిలినా తప్పులేదు.

కానీ క్రిమి దొరక్కుండా, అనుమానం మీదే మందులు మొదలై, రెండు నెలలైనా జ్వరం తగ్గకపోతే? అప్పుడు మందు మార్చడంకంటే ముందు మళ్ళీ ముక్క తీయించమని అడగాలి.

10. ఏమీ తేలకపోతే

కొన్నిసార్లు అన్ని పరీక్షలయ్యాక కూడా “ప్రత్యేకంగా ఏమీ లేదు” అనే వస్తుంది. జబ్బు లేనందువల్లే ఇలా రావడం ఎక్కువ. ఊపిరి పీల్చుకోవచ్చు, ఫైలు మాత్రం మూయకూడదు. నెలకోసారి కొలత రాస్తూ మూడు నాలుగు నెలలు గమనించాలి. ఫైలులో రిపోర్టులు తేదీలవారీగా, దిమ్మ నంబరు, ల్యాబు పేరు, వాడిన ప్రతి మందు చీటీ ఉండాలి. బిళ్ళ పెరిగినా, మరో చోట కొత్తది కట్టినా, జ్వరం, చెమటలు, బరువు తగ్గడం మొదలైనా ఆ ఫైలు, పాత స్లైడులు పట్టుకుని పాత రిపోర్టు ఇచ్చిన పెథాలజిస్టు దగ్గరికే మొదట వెళ్ళాలి. మళ్ళీ ముక్క తీయాల్సి వస్తే, పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూడటం ఆయనకు తేలిక.